అమ్మవారు మూడుమార్లు పోయునా?

గడచిన కార్తీకమాసములో, ముసురు కొంత తెరపి యిచ్చిన ఒకనాటి ఉదయమున, మైపాడు సమీపమునగల ఒక మత్స్యకారుల పాలెమునకు మేము వెళ్లితిమి. వలలు అల్లుటను గూర్చి అక్కడి పెద్దల ముచ్చటలను రికార్డు చేసికొని వచ్చుట మాకు అప్పగింపబడిన పని. మూడవ యింటి ముంగిట అడుగు పెట్టబోవుచుండగా ఒక వృద్ధురాలు చేయి అడ్డు పెట్టినది. గుమ్మమునకు వేపమండలు కట్టియున్నవి.

"లోపలికి రాబాకండి అయ్యా. పాపకు అమ్మోరు పోసుండాది. ఇది మూడోతూరి. పోయిన సంకురేత్రికి ఒకతూరి పోసె, ఎండల్లో ఒకతూరి పోసె, ఇప్పుడు మళ్లా పోసుండాది," అని ఆమె చెప్పినది.

పంచలో ఎనిమిదేండ్ల బాలిక వేపాకు పరచిన చాపమీద కూర్చుండియున్నది. జ్వరము లేదు. ముఖము తేటగానే యున్నది. కాని రెండు చేతుల వ్రేళ్లసందులను ఎడతెగక గోకికొనుచున్నది. మూడు వారములుగా బడికి పోలేదట. ప్రక్కనే తల్లి చంటిబిడ్డకు పాలిచ్చుచు, తన మణికట్టును గోడ అంచునకు రాచుకొనుచున్నది. చంటిబిడ్డ అరికాలిమీద కూడ చిన్న చిన్న పొక్కులు కనబడినవి. "రాత్రిపూట ఒక్కరికీ నిద్ర లేదయ్యా," అని తల్లి అన్నది.

మేము వైద్యులము కాము. రికార్డు చేయవలసినది చేసికొని తిరిగి వచ్చితిమి. కాని ఆ వృద్ధురాలి మాట మమ్ము విడువలేదు. అమ్మవారు ఒకే బిడ్డకు ఒకే సంవత్సరములో మూడుమార్లు పోయునా? ఈ ప్రశ్నతో మరునాడు ఒక శిశువైద్యుని కలిసికొంటిమి. ఆయన నవ్వి, "ఆ మాట నేను వారమునకు రెండుమార్లయినను వినుచుందును. మూడుమార్లు వచ్చినదన్నచో, అందులో కనీసము రెండుమార్లు వచ్చినది అమ్మవారు కాదని తెలిసికొనుడు," అనెను. నేటి ప్రసంగమునకు ఆ వాక్యమే మూలము.

మన ప్రాంతములో ఆటలమ్మ, చిన్నమ్మవారు అని పిలువబడు వ్యాధికి కారణము కంటికి కనబడని ఒక వైరసు. దీనికి వారిసెల్లా జోస్టర్ అని పేరు. రోగి దగ్గినపుడును తుమ్మినపుడును గాలిద్వారా ఇది ఇతరులకు సోకును. పొక్కులలోని నీరు తగిలినను సోకును. ఒకమారు వచ్చి తగ్గిన తరువాత శరీరమునకు ఈ వైరసును ఎదుర్కొను శక్తి అబ్బును. ఆ శక్తి సాధారణముగా జీవితాంతము నిలుచును. రెండవమారు వచ్చుట అసంభవము కాదు గాని, ఆరోగ్యవంతులగు పిల్లలలో అది అరుదు. సంవత్సరములో మూడుమార్లు అనుట నమ్మదగినది కాదు.

అయితే ఆ వైరసు శరీరమును పూర్తిగా విడిచిపోదు. నరముల మొదళ్లలో దాగియుండి, దశాబ్దముల తరువాత, వయసు మళ్లినపుడో శరీరము నీరసించినపుడో, నడుమునకో రొమ్మునకో ఒకవైపున పట్టీవలె పొక్కులుగా బయటపడును. దానినే మనవారు సర్పి అందురు. తాతకు సర్పి వచ్చిన యింటిలో అంతకుముందు ఆటలమ్మ రాని మనుమనికి ఆటలమ్మ రావచ్చును. ఈ సంబంధమును 19వ శతాబ్దపు చివర హంగరీ దేశపు వైద్యుడు యానోష్ బోకాయ్ గమనించెను. 1950ల దశకములో అమెరికా శాస్త్రజ్ఞుడు థామస్ వెల్లర్ ఆ వైరసును ప్రయోగశాలలో వేరుచేసి పెంచిన పిమ్మట రెండును ఒకే వైరసు పనియని స్థిరపడినది.

ఇంత సామాన్యమైన వ్యాధిని జూచి మన పెద్దలు ఏల అంత భయపడుచుందురు? అందుకు తగిన కారణము కలదు. ఒకనాడు అమ్మవారు అన్న పేరు మశూచికి చెందినది. పెద్దమ్మవారు పోసిన యింటిలో బిడ్డ దక్కుట దైవాధీనముగా ఉండెడిది. దక్కినను ముఖముపై గుంటలు మిగిలెడివి, కొందరికి చూపు పోయెడిది. చిన్నమ్మవారు, పెద్దమ్మవారు వేరు వేరు వ్యాధులని ఆంగ్లదేశపు వైద్యుడు విలియం హెబర్డెన్ 1767లో స్పష్టముగా విడదీసి చెప్పెను. మశూచికి టీకా 1802లో మన దేశమునకు చేరినది. 1953 అక్టోబరు 1 వరకు నెల్లూరు మదరాసు రాష్ట్రములో భాగము గదా. ఆ రాష్ట్రమునకు కావలసిన టీకా ద్రవ్యమును గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ తయారు చేసెడిది. భారతదేశమున మశూచి 1975లో చివరిసారి కనబడినది. 1980 మే నెలలో అది ప్రపంచమునుండియే తొలగిపోయినదని ప్రపంచ ఆరోగ్య సభ ప్రకటించినది.

పెద్దమ్మవారు పోయినది. ఆమె పేరు, ఆమెపట్ల ఉండిన భయభక్తులు మాత్రము మిగిలినవి. ఒంటిమీద పొక్కు లేచినచో చాలు, ఆ పేరే నోటికి వచ్చుచున్నది. వేంకటగిరిలో పోలేరమ్మకు నేటికిని జాతర జరుగుచున్నది. ఆ భక్తిని మేము ఆక్షేపించుట లేదు. కాని, ప్రతి పొక్కునకును ఒకే పేరు పెట్టినచో, ఒక పొక్కునకు కావలసిన మందు మరియొక పొక్కునకు అందక బిడ్డ బాధపడును. ఇదియే మేము చెప్పదలచిన మాట.

ఇక నిజమైన ఆటలమ్మను గుర్తించు విధమెట్లో చూతము.

మొదటిది, జ్వరము. పొక్కులకు ఒకటి రెండు రోజుల ముందు, లేక వానితోబాటే, బిడ్డకు కొద్దిపాటి జ్వరము, నలత, అన్నమునందు అరుచి కలుగును. రెండవది, పొక్కులు లేచు చోటు. ఆటలమ్మ పొక్కులు ముఖమునను, మొండెమునను దట్టముగా లేచి, కాలుసేతులవైపు పలుచబడును. తలవెండ్రుకల నడుమను, నోటిలోపలను గూడ కనబడును. మూడవది, పొక్కు రూపము. మొదట ఎఱ్ఱని చుక్క, తరువాత చిన్న బుడిపె, పిమ్మట మంచుబిందువువంటి నీటిపొక్కు, చివరకు చెక్కు. ఈ మార్పు ఒకటి రెండు రోజులలోనే జరుగును. నాల్గవది అన్నిటికంటె ముఖ్యమైనది. పొక్కులు ఒక్కసారిగా గాక మూడు నాలుగు రోజులపాటు విడతలు విడతలుగా లేచును. కావున బిడ్డ వీపుమీద ఒక అరచేయంత మేర చూచినచో, అక్కడనే చుక్కలు, నీటిపొక్కులు, చెక్కులు అన్నియు కలిసి యుండును. అయిదవది, వ్యాధి కాలము. వారము రోజులు, కొంచెము అటునిటుగా, పొక్కులన్నియు చెక్కుగట్టును. నెలలతరబడి సాగదు.

మరియొక లెక్క కలదు. వ్యాధి సోకిన నాటినుండి పొక్కు లేచువరకు 10 మొదలు 21 రోజులు పట్టును. అనగా, నేడు పొక్కు లేచినచో, రెండు వారముల క్రిందట బిడ్డ ఎవరితో ఆడుకొన్నది, ఏ పెండ్లికి పోయినది, బడిలో ఎవరికి వచ్చినది అని ఆలోచింపవలెను. ఇట్టి జాడ దొరకినచో అనుమానము బలపడును. ఆటలమ్మ టీకా వేయించుకొన్న పిల్లలకు వ్యాధి వచ్చినను పొక్కులు కొద్దిగానే యుండును. అప్పుడు గుర్తించుట వైద్యునికే కొంత కష్టము.

ఈ లక్షణములు లేక, దురద మాత్రము మరల మరల వచ్చుచున్నచో అది యేమి? మన తీరమున మూడు నాలుగు కారణములు ముఖ్యముగా కనబడును.

మొదటిది గజ్జి. దీనికి కారణము ఒక సూక్ష్మమైన పురుగు. ఆడుపురుగు పొడవు మిల్లీమీటరులో మూడవవంతునకు కొంచెము అటునిటుగా ఉండును. అది చర్మము పైపొరలో సొరంగము త్రవ్వి, దినమునకు రెండు మూడు గ్రుడ్లు పెట్టును. ఇటలీ వైద్యుడు బొనోమో 1687లోనే ఈ పురుగును సూక్ష్మదర్శినితో చూచి, దురదకు ఇదియే కారణమని వ్రాసెను. విచిత్రమేమన, సాధారణ గజ్జిరోగి శరీరముపై నుండు పెద్ద ఆడుపురుగులు సగటున పది పదునైదుకు మించవు. ఒళ్లంతయు దురద పెట్టుట పురుగుల సంఖ్యవలన గాదు. వాని గ్రుడ్లు, మలము మున్నగువానికి శరీరము ఎదురుతిరుగుటవలన. అందుచేతనే మొదటిసారి పురుగు ఎక్కినపుడు నాలుగు మొదలు ఆరు వారములవరకు దురదయే తెలియదు. ఆ లోపల అది తల్లికి, తమ్మునికి, ప్రక్కలో పండుకొన్న అమ్మమ్మకు ప్రాకియుండును. రెండవమారు ఎక్కినపుడో, ఒకటి మొదలు నాలుగు రోజులలోనే దురద పుట్టును.

గజ్జి గుర్తులు ఇవి: దురద రాత్రివేళ హెచ్చును. వ్రేళ్లసందులు, మణికట్టు, మోచేయి, చంకలు, బొడ్డు చుట్టు, నడుము, పిరుదులు దాని యునికిపట్లు. పసిపిల్లలకు మాత్రము అరచేతులు, అరికాళ్లు, తల, ముఖము గూడ విడువదు. అన్నిటికంటె పెద్ద సాక్ష్యము, ఇంటిలో మరియొకరు గోకికొనుచుండుట. పాలెములో మేము చూచిన పంచను జ్ఞప్తికి దెచ్చుకొనుడు: బాలిక వ్రేళ్లసందులు, తల్లి మణికట్టు, చంటిబిడ్డ అరికాలు, రాత్రి నిద్ర లేకుండుట. గుమ్మమున వేపమండలు వేలాడుచున్నవి గాని, లోపల నున్నది అమ్మవారు కాదు.

రెండవది, పురుగుకాటు పొక్కులు. కొందరు పిల్లల శరీరము దోమ, నల్లి, కుక్కల పిల్లుల మీదనుండి దుముకు చిన్న పురుగులు కుట్టినపుడు మిక్కిలి తీవ్రముగా ఎదురుతిరుగును. రెండేండ్లు మొదలు పదేండ్ల లోపు పిల్లలలో ఇది హెచ్చు. కాళ్లమీదను చేతులమీదను, అనగా బట్ట కప్పని చోట్ల, గుంపులు గుంపులుగా గట్టి బుడిపెలు లేచును. కొన్నింటి కొనను నీరు గూడ చేరును. చూచినవారు ఆటలమ్మ అనుకొనుట సహజము. ఒక క్రొత్త కాటు పడినపుడు పాత మచ్చలు గూడ మరల ఉబ్బి దురద పెట్టుట దీని ప్రత్యేకత. జ్వరముండదు, నోటిలో పొక్కులుండవు, ఏటేట అదే ఋతువులో వచ్చును. మన తీరమునకు వానలు విశేషముగా అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనముతో వచ్చును. బకింగ్‌హాం కాలువ పొడవునను, చేల గట్లవెంటను, గుంటలలోను నీరు నిలుచును, దోమ పెరుగును, పిల్లల కాళ్లమీద పొక్కులు లేచును. పిల్లలు పెద్దవారైనకొలది శరీరము ఆ కాట్లకు అలవాటుపడి ఈ బాధ సాధారణముగా తగ్గిపోవును.

మూడవది, చెమటకాయలు. రోహిణికార్తె ఎండలలో, సముద్రపు గాలిలోని తేమవలన చెమట ఆరక, స్వేదనాళములు మూసికొనిపోయి మెడ, వీపు, రొమ్ము, చంకలలో సన్నని పొక్కులు లేచి చిమచిమలాడును. చల్లని నీటి స్నానము, పలుచని నూలుబట్ట, గాలి తగులు చోట నిద్ర, వీనికివే మందు.

నాల్గవది ఇటీవల తఱచుగా వినబడుచున్న చేతికాలినోటి వ్యాధి. అయిదేండ్ల లోపు పిల్లలకు కొద్ది జ్వరముతో నోటిలో పుండ్లు, అరచేతులలో, అరికాళ్లలో, పిరుదులమీద పొక్కులు వచ్చును. మన దేశములో ఇది 2003లో కేరళలోని కోళిక్కోడులో బయటపడి గుర్తింపు పొందినది. 2022లో అదే కేరళలో 'టమాటా జ్వరము' అను పేరుతో పత్రికలలో ప్రచారమైనది గూడ ఈ వ్యాధియే. దీనిని కలిగించు వైరసులు ఒకటికంటె ఎక్కువ గనుక ఇది ఒకే బిడ్డకు మరల రావచ్చును. అమ్మవారు రెండుమార్లు పోసినదని చెప్పు తల్లులలో కొందరు చూచినది దీనినే కావచ్చును. ఆటలమ్మ పొక్కులు మొండెముపై దట్టమైనట్లు, ఇవి చేతులలోను కాళ్లలోను దట్టమగును. దురద తక్కువ, నోటినొప్పి ఎక్కువ.

ఈ నాలుగింటిలో ఇంటివారు దాచునది ఒక్క గజ్జిని మాత్రమే. ఇందుకు కారణము మన భాషలోనే యున్నది. గజ్జి అన్నది మనకు తిట్టు. బడిలో ఒక పిల్లవానికి గజ్జియని తెలిసినచో వాని బల్లమీద మరియొకడు కూర్చుండడు. అమ్మవారు పోసినదన్నచో అందరును చేతులు జోడింతురు. తల్లి ఏ పేరు ఎంచుకొనునో చెప్పవలెనా? అవమానము తెచ్చు పేరును విడిచి, గౌరవము తెచ్చు పేరును పట్టుకొనును. అది అజ్ఞానము కాదు, బిడ్డ మానమును కాపాడుకొనుటయే. కాని అందువలన బిడ్డకు మందు అందుట లేదు.

కావున ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. గజ్జి మురికివారి రోగము కాదు. దినమునకు రెండుమార్లు స్నానము చేయువారికిని సోకును, మిద్దెలలో నుండువారికిని సోకును. అది ప్రాకుటకు కావలసినది చర్మమునకు చర్మము కొంతసేపు తగులుటయే. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఆంగ్లదేశపు షెఫీల్డు నగరములో కెన్నెత్ మెల్లన్‌బీ అను శాస్త్రజ్ఞుడు, తామై ముందుకు వచ్చిన యువకులను గజ్జిసైనికులు వాడిన కంబళ్లలో పండుకొనబెట్టి పరీక్షించెను. కంబళ్లవలన వ్యాధి సోకుట చాల అరుదుగా జరిగినది. రోగితో ఒకే పడకను పంచుకొనుటవలన సోకుటయే మిక్కుటము. మన పాలెములలో ఒకే గది, ఒకే చాప, ముగ్గురు నలుగురు పిల్లలు. తుపాను హెచ్చరిక వచ్చినపుడు ఊరంతయు ఒకే ఆశ్రయభవనములో ఒకరి ప్రక్క నొకరు పండుకొనవలెను. 1989 నవంబరులో కావలి దగ్గర పెనుతుపాను తీరము దాటిన రోజులను ఎరిగినవారికి ఆ యిరుకు ఎట్టిదో చెప్పనక్కరలేదు. గజ్జి ప్రాకుటకు ఇట్టి యిరుకు చాలును. అది మనుషుల తప్పు కాదు.

గజ్జిని అలక్ష్యము చేసినచో ఏమగును? గోకిన చోట చర్మము చిట్లి, చీము పట్టును. ఆ చీములోని ఒకజాతి సూక్ష్మజీవులవలన కొందరు పిల్లలకు కొన్ని వారముల తరువాత మూత్రపిండములు వాచును. ఉదయము లేచునప్పటికి కన్నులచుట్టు వాపు, మూత్రము ఎఱ్ఱగా లేక టీనీటి రంగున వచ్చుట, మూత్రము తగ్గుట దాని గుర్తులు. ఇవి కనబడినచో ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను. చర్మముమీద చిన్న పురుగుతో ఆరంభమైనది మూత్రపిండముల వరకు పోగలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో గజ్జిని నిర్లక్ష్యమునకు గురియైన ఉష్ణమండల వ్యాధుల పట్టికలో చేర్చినది.

దీనికి మంచి మందు కలదు. పెర్మెత్రిన్ అను లేపనమును వైద్యుడు వ్రాసియిచ్చును. అది మెడనుండి కాలిగోళ్లవరకు, వ్రేళ్లసందులు, గోళ్లక్రింద, బొడ్డు, ఏ చోటు విడువక రాత్రి పూసి, ఉదయము కడుగవలెను. పసిపిల్లలకు తలకు ముఖమునకు గూడ పూయుట ఎట్లో, ఏ వయసునుండి పూయవచ్చునో వైద్యుని అడుగవలెను. వారము పదిరోజులలో వైద్యుడు చెప్పిన దినమున మరల ఒకమారు పూయవలెను. ముఖ్యమైన నియమము: దురద ఉన్నను లేకున్నను ఇంటిలోనివారందరు ఒకే రాత్రి పూసికొనవలెను. ఒక్కరు మిగిలినను, ఆ ఒక్కరినుండి నెల తిరుగకుండ అందరికి మరల ప్రాకును. మా పాలెపు వృద్ధురాలు చెప్పిన మూడు తూర్లకు అర్థమిదియే కావచ్చును. ఆ ఉదయము బట్టలు, దుప్పట్లు వేడినీట ఉడికించి ఎండలో ఆరవేయవలెను. ఉడికింప వీలులేని వానిని సంచిలో మూటగట్టి నాలుగు రోజులు తాకక యుంచినచో పురుగు చచ్చును. పురుగు చచ్చిన తరువాత గూడ రెండు మొదలు నాలుగు వారములు దురద కొంత యుండును. మందు పనిచేయలేదని భ్రమపడి దినదినము పూయరాదు.

ఒక హెచ్చరిక. మందుల దుకాణమున "దురదకు ఏదైన ఇయ్యి" అని అడిగి కొను మిశ్రమ లేపనములలో చాలవాటియందు స్టెరాయిడ్ ఉండును. అది దురదను అణచును, ఎఱుపును మాన్పును. పురుగును మాత్రము చంపదు. నాలుగు రోజులు తగ్గినట్లు కనబడి, రూపు మారి తిరిగి వచ్చును. అప్పుడు వైద్యునికి సైతము గుర్తించుట కష్టమగును. 2018లో కేంద్రప్రభుత్వము అనేక స్టెరాయిడ్ లేపనములను వైద్యుని చీటీపైననే అమ్మవలసిన మందులలో చేర్చుటకు కారణము ఇట్టి దుర్వినియోగమే.

ఇక నిజముగానే ఆటలమ్మ వచ్చినచో ఏమి చేయవలెను? మన ఆచారములలో మంచి యున్నది, చెరుపును ఉన్నది. గుమ్మమునకు వేపమండలు కట్టుట ఊరికి తెలియజేయు ప్రకటనవంటిది. బయటివారు రాకుండుట, బిడ్డ బయటికి పోకుండుట, ఇవి వైద్యులు చెప్పునవే. అయితే పొక్కు లేచుటకు ఒకటి రెండు రోజుల ముందునుండియే వ్యాధి ఇతరులకు సోకుచుండును. మండలు కట్టునప్పటికే కొంత ఆలస్యమై యుండును. కావున ఆ రెండు రోజులలో బిడ్డ ఎవరితో కలిసినదో వారికి, బడికి, అంగన్‌వాడీకి కబురు పంపవలెను. పొక్కులన్నియు చెక్కుగట్టువరకు బడికి పంపరాదు. చెక్కుగట్టిన తరువాత ఆపనక్కరలేదు.

స్నానము చేయింపరాదనుట సరికాదు. గోరువెచ్చని నీటితో మెల్లగా స్నానము చేయించి, మెత్తని గుడ్డతో అద్దవలెను. వేపాకు పడక దురదను కొంత మరపించిన మరపించుగాక. పగిలిన పొక్కులమీద పసుపు, వేప ముద్దలు మెత్తుట మాత్రము మంచిది కాదు. తాళింపు వేయరాదను నియమమువలన బిడ్డకు చెరుపు లేదు గాని, ఆకలితో ఉంచుటవలన చెరుపు కలదు. మజ్జిగ, గంజి, రాగి అంబలి, పప్పన్నము, గ్రుడ్డు, బిడ్డ తినగలిగినది పెట్టవలెను. గోళ్లు కత్తిరింపవలెను. జ్వరమునకు పారాసెటమాల్ బిడ్డ తూకమును బట్టి ఈయవచ్చును. ఆస్పిరిన్ ఎన్నడును ఈయరాదు. ఆటలమ్మ వచ్చిన పిల్లలకు ఆస్పిరిన్ వలన కాలేయమును మెదడును దెబ్బతీయు ప్రాణాపాయము అరుదుగా కలుగును. ఇబుప్రొఫెన్ కూడ ఈ వ్యాధిలో మానుటయే క్షేమము.

ఊపిరి ఎగపోయుట, మగతగా పడియుండుట, మూర్ఛ, నడకలో తూలుట, పొక్కు చుట్టు ఎఱ్ఱగా వాచి వేడెక్కుట, తగ్గిన జ్వరము మరల హెచ్చుట, నీరైన త్రాగకుండుట, ఇవి కనబడినచో అమ్మవారికి కోపము వచ్చుననుకొని ఇంటిలో నుంచరాదు. అప్పుడే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. గర్భిణులకు, అప్పుడే పుట్టిన శిశువులకు, క్షయ వంటి దీర్ఘవ్యాధులతో నీరసించినవారికి, పెద్దవయసులో మొదటిసారి వచ్చినవారికి ఇది పిల్లలకు వచ్చినంత తేలికగా ఉండదు. ముఖ్యముగా ప్రసవమునకు అయిదు రోజుల ముందునుండి రెండు రోజుల తరువాతవరకు తల్లికి పొక్కులు లేచినచో శిశువునకు గండము. ఇట్టివారికి రోగి సోకు తగిలినదని తెలిసినంతనే, పొక్కు లేచువరకు ఆగక, వైద్యునికి చెప్పవలెను. అసైక్లోవిర్ అను మందు అవసరమైనవారికి మొదటి దినముననే ప్రారంభించినచో ఎక్కువ మేలు చేయును.

ఆటలమ్మకు టీకా కలదు. జపానుదేశపు వైద్యుడు మిచియాకి తకహాషి దీనిని 1974లో లోకమునకు వెల్లడించెను. ఆయన కుమారునికి ఒకప్పుడు ఆటలమ్మ తీవ్రముగా వచ్చుటయే ఆయనను ఆ పనికి పురికొల్పినది. పదునైదు నెలలు నిండిన పిల్లలకు రెండు మోతాదులుగా వేయుదురు. మన దేశములో ప్రభుత్వము ఉచితముగా వేయు టీకాల పట్టికలో ఇది లేదు. డబ్బు చెల్లించి వేయించుకొనవలెను. శక్తి గలవారు శిశువైద్యుని సంప్రదించుట మంచిది.

రెండు వారముల తరువాత మేము మరల ఆ పాలెమునకు పోయితిమి. వైద్యుడు చెప్పిన మాటను ఆ ఊరి ఆశా కార్యకర్తకు ముందే తెలిపియుంటిమి. ఆమె ఆ యింటివారిని ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు తీసికొనిపోయినదట. అది గజ్జియే. ఏడుగురును ఒకే రాత్రి మందు పూసికొనిరి. ప్రక్కయింటివారు గూడ, ఎవరును చెప్పకయే, పోయి మందు తెచ్చుకొనిరట. బాలిక బడికి పోయినది. వృద్ధురాలు పంచలో వల ముడులు చూచుకొనుచు, "అమ్మోరు కాదన్నారయ్యా," అని, కొంచెము ఆగి, "అయినా పొంగలి పెట్టుకుంటాంలే," అన్నది.

పెట్టుకొనుమనియే మేమును చెప్పితిమి. బిడ్డ గోకికొనుట మానినది, ఇంటిలో అందరు నిద్రపోవుచున్నారు. పొంగలికి అంతకంటె తగిన సందర్భమేమున్నది? శ్రోతలలో తల్లులకు మా మనవి ఒక్కటే. బిడ్డ ఒంటిమీద దురదపొక్కులు రెండవమారు లేచిననాడు, గుమ్మమునకు వేపమండ కట్టుటకు ముందు, దీపము దగ్గరకు తెచ్చి వ్రేళ్లసందులు చూడుడు. తరువాత, మీ యింటిలో ఇంకెవరైన గోకికొనుచున్నారేమో అడుగుడు.